తమ్ముడు మొదటి రోజే చెప్పాడు

రెండేళ్ల కిందట దసరాకి మా తమ్ముడు దమ్మామ్ నుంచి వచ్చాడు. మూడేళ్ల తర్వాత రావడం, తొమ్మిది రోజుల సెలవు. వాడు బయలుదేరకముందే ఫోన్లో మాటిచ్చాను: "ఈసారి టెక్కెన్ ఆడదాంరా. మనింట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచుతా." ఆ తొమ్మిది రోజుల్లో ఏడు సాయంత్రాలు నేను ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. ఒక్క ఆట కూడా సవ్యంగా ఆడలేదు మేం. ఎవరైనా అడిగితే కంప్యూటర్ పాతదైపోయిందని చెప్పాను. అది అబద్ధం. కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. లోపం నాలో ఉంది. అదేమిటో ఇన్నాళ్లకి రాసుకుంటున్నాను.

మా చిన్నప్పుడు ఖమ్మంలో వైరా రోడ్డు పక్క సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు, గంటకి పదిహేను రూపాయలు. ఇద్దరికీ కలిపి ఒక్క గంటకే డబ్బులుండేవి కాబట్టి టెక్కెన్ 3 తప్ప ఇంకేదీ పెట్టించుకునేవాళ్లం కాదు. అందులో ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు, ఎవరి వంతు కోసం ఎవరూ కాచుకోనక్కర్లేదు. నేను జాగ్వార్ మొహం తొడుక్కున్న మల్లుడు కింగ్‌ని తీసుకునేవాణ్ణి. వాడు ఎప్పుడూ ఎడ్డీనే. కాపోయెరా అనే పోరాట విద్య ఆడే ఎడ్డీకి తన్నే రెండు బటన్లూ మార్చి మార్చి నొక్కితే చాలు, కాళ్లు గిరగిరా తిరిగిపోతాయి. ఆ కాళ్ల మధ్యలోకి దూరి ఎడ్డీని ఎత్తి కుదేయడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

షాపాయన దుకాణం మూసేస్తున్నప్పుడు ఒక ప్లేస్టేషన్, దాంతోపాటు టెక్కెన్ డిస్కు మేమే కొనుక్కున్నాం. కొన్నేళ్లకి దాని లెన్స్ పోయింది. డిస్కు తిరుగుతుంది, చదవదు. అందుకే ఎమ్యులేటర్ అవసరం పడింది. అంటే ఆ ప్లేస్టేషన్ చేసే పనినంతా కంప్యూటర్ చేత చేయించే ప్రోగ్రాం.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ 2010లో నాన్న నా చదువు కోసం కొన్నది. కోర్ 2 డ్యూయో ఈ7500 ప్రాసెసర్, వేగం 2.93 గిగాహెర్ట్జ్. జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, బోర్డులో ఉన్నదే. అందులో 32 బిట్ విండోస్ 7. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఇంటింటా ఇలాంటిదే ఉండేది.

మొదటి సాయంత్రం తమ్ముడు దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "అన్నా, హాస్టల్లో పెంటియం 4 మీద ఈపీఎస్‌ఎక్స్‌ఈ ఎమ్యులేటర్ వేసుకుని ఆడేవాళ్లం కదా. అదే వెయ్యి, ఐపోద్ది" అన్నాడు.

"అది ఎప్పటిదో రా. ఇప్పుడు దానికన్నా ఎన్నో మంచివి వచ్చాయి" అన్నాను.

ఏడు సాయంత్రాల నష్టానికీ బీజం ఆ మాటే. వాడు చెప్పింది ఊహ కాదు, అనుభవం. ఈ కంప్యూటర్ కన్నా బలహీనమైన దాని మీద అదే ఆట సాఫీగా నడవడం మేమిద్దరం కళ్లారా చూశాం. కళ్లెదుట ఉన్న సాక్ష్యాన్ని 'పాతది' అనే ఒక్క మాటతో కొట్టిపారేశాను.

అప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది. 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ ప్రాసెసర్ వేగం 33.87 మెగాహెర్ట్జ్. మాది 2,930. ఎనభై ఆరు రెట్లు. ఇంత తేడా ఉన్నప్పుడు ఏ ఎమ్యులేటరైనా నడవాల్సిందే కదా, నడిచేదే అయితే అన్నింటికన్నా గొప్పదే వేసుకోవాలి కదా అనుకున్నాను.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో చాలా ఆలస్యంగా తెలిసింది. ప్లేస్టేషన్ ప్రాసెసర్ మాట్లాడే భాష వేరు, మన ఇంటెల్ ప్రాసెసర్ భాష వేరు. ఎమ్యులేటర్ వాటి మధ్య నిలబడ్డ దుబాసీ. అక్కడి ఒక్క ఆదేశానికి ఇక్కడ ఎన్నో ఆదేశాలు ఖర్చవుతాయి. పైగా అది మోయాల్సింది ప్రాసెసర్ ఒక్కదాన్నే కాదు. బొమ్మలు గీసే చిప్పు, కోణాల లెక్కలు కట్టే విభాగం, 24 గొంతులు ఒకేసారి పలికించే ధ్వని చిప్పు, డిస్కు తిప్పే డ్రైవు, వీటన్నిటి వేషాలూ అదే వేయాలి. వేస్తూ అందర్నీ ఒకే తాళంలో నడపాలి. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఈ పని మొత్తం ఆ గడువులో తెమలాలి, ప్రతిసారీ.

దుబాసీల్లో రెండు రకాలు. ఒకరు ప్రతి వాక్యాన్నీ, పదోసారి వచ్చినా వందోసారి వచ్చినా, మళ్లీ మొదటి నుంచి విని అనువదిస్తారు. ఇంకొకరు ఒకసారి అనువదించింది కాగితం మీద రాసి పెట్టుకుని, అదే వాక్యం మళ్లీ వస్తే కాగితం చూసి చదివేస్తారు. మొదటి పద్ధతిని ఇంటర్‌ప్రెటర్ అంటారు, రెండోదాన్ని డైనమిక్ రీకంపైలర్ అంటారు. పాత కంప్యూటర్‌కి ఊపిరినిచ్చేది రెండోదే. ఇవేవీ తెలుసుకోకుండా 'అన్నింటిలో ఉత్తమం' అని ఎవరు దేన్ని పొగిడితే దాని వెంట పడ్డాను.

మొదటి రోజు డక్‌స్టేషన్ తెచ్చాను. ఎంతో మంచి ఎమ్యులేటర్ అది, కానీ 64 బిట్ సిస్టమ్ కావాలి. మాది 32. తెరుచుకోనేలేదు. ఆ ఒక్క విషయం ముందే చూసుకుని ఉంటే ఆ సాయంత్రం మిగిలేది.

రెండో రోజు మెడ్నాఫెన్. నిజమైన ప్లేస్టేషన్ ఎలా ప్రవర్తిస్తుందో వీలైనంత అచ్చంగా అలాగే ప్రవర్తించాలన్నది దాని పట్టుదల. దానికి ప్లేస్టేషన్ సొంత బయోస్ ఫైలు, అంటే యంత్రం వెలగగానే మొదట నడిచే ప్రోగ్రాం, తప్పనిసరి. ఆ బయోస్ సోనీ సొత్తు, న్యాయంగా అయితే మన దగ్గరున్న యంత్రంలోంచి తీసుకోవాలి. నేను ఓపిక పట్టలేదు. ఎక్కడో వెతికి, దొరికిన ఫైలు దించుకుని, రెండుసార్లు నొక్కాను. ప్లేస్టేషన్ బయోస్ కచ్చితంగా 512 కిలోబైట్లు ఉంటుంది. నేను దించుకున్నది ఎన్నో మెగాబైట్లు, అదీ ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రాం. ఆ తేడా చాలు అది దొంగదని పట్టుకోవడానికి. కానీ చూసే తీరిక నాకేది? అర్ధరాత్రికల్లా తెరంతా ప్రకటనలు, ఏది తెరిచినా ఇంకేదో తెరుచుకోవడం. మూడో రోజు మొత్తం విండోస్ మళ్లీ ఎక్కించడానికే సరిపోయింది. ఆ సాయంత్రం అమ్మ, తమ్ముడు బతుకమ్మ చూడ్డానికి గుడి దగ్గరికి వెళ్లారు. నేను వెళ్లలేదు. డ్రైవర్లు ఎక్కుతున్నాయని చెప్పాను.

నాలుగో రోజు ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన స్నేహితుడు, లెన్స్ పోయిన మా ప్లేస్టేషన్‌లోంచే బయోస్ తీసిచ్చాడు. మెడ్నాఫెన్ మొదలైంది. ఆట వచ్చింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. పోరు మొదలవగానే సంగీతం గరగరమనడం మొదలుపెట్టింది.

ఎమ్యులేటర్‌కి గడువు అందకపోతే ముందు దెబ్బతినేది ధ్వనే. ప్లేస్టేషన్ ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా వస్తుంది. అవి వేళకి అందకపోతే మధ్యలో ఖాళీలు పడతాయి, ఆ ఖాళీలే మనకి గరగరగా వినిపిస్తాయి. తెర మీద ఒక మూల చూపిస్తున్న అంకె 50. సెకనుకు 60 రావాల్సినవి 50 వస్తున్నాయంటే కేవలం బొమ్మ తడబడటం కాదు, ఆటలోని కాలమే సాగిపోతుంది. అక్కడ నిమిషం ఇక్కడ 72 సెకన్లు. ఎడ్డీ కాళ్లు నీళ్లలో తిరుగుతున్నట్టు తిరిగాయి. తమ్ముడు రిమోట్ ఒళ్లో పెట్టుకుని, "చేతికి తెలుస్తోందన్నా, ఆ వేగం కాదిది" అన్నాడు. చిన్నప్పుడు వేళ్లకి పట్టిన తాళం అది. ఇరవై ఏళ్లయినా పోలేదు.

అప్పుడు నేను చేసిన పని, ఈ మొత్తంలో నన్ను ఇప్పటికీ ఎక్కువగా బాధపెట్టేది. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ వాడకం 50 శాతం. సగం ఖాళీగా ఉంది కదా, అయితే అడ్డం ప్రాసెసర్ కాదు, ర్యామే అని తీర్మానించాను. మర్నాడు సెకండ్‌హ్యాండ్ దుకాణాలు తిరిగి ఇంకో 2 జీబీ డీడీఆర్2 ర్యామ్ కొనుక్కొచ్చాను. 4 జీబీ పెడితే 32 బిట్ విండోస్ దాన్ని పూర్తిగా వాడుకోనే లేదు, ఆటలో ఒక్క బొమ్మయినా పెరగలేదు.

ఆ 50కి అర్థం వేరు. మా ప్రాసెసర్‌కి రెండు కోర్లు. ఎమ్యులేటర్ పనిలో ముఖ్యభాగం ఒకే కోర్ మీద నడుస్తుంది, ఎందుకంటే చిప్పులన్నీ ఒకదానికోసం ఒకటి ఆగుతూ, అడుగులో అడుగు వేస్తూ సాగాలి, పని పంచడం కష్టం. కాబట్టి ఒక కోర్ ఉక్కిరిబిక్కిరిగా నూటికి నూరు పనిచేస్తోంది, రెండోది ఊరికే ఉంది. ఆ రెండింటి సగటే 50. అదే పేజీలో ఒక్కో కోర్‌కి విడివిడిగా గీతలు కనిపిస్తాయి. నేను కింద ఉన్న అంకె ఒక్కటే చూశాను. ర్యామ్ సంగతికొస్తే, ప్లేస్టేషన్‌కి ప్రధాన జ్ఞాపకం 2 మెగాబైట్లు, బొమ్మలకి 1, ధ్వనికి అర. మొత్తం మూడున్నర మెగాబైట్ల యంత్రం కోసం నేను రెండు గిగాబైట్లు కొన్నాను.

ఆ రాత్రే తమ్ముడు తన బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాడు. కొత్తది. "పోనీ దీన్లో వేద్దామా అన్నా? క్షణంలో నడుస్తుంది" అన్నాడు. వద్దన్నాను. "మన కంప్యూటర్ మీద ఆడితేనే అందం" అన్నాను. పైకి అది అభిమానంలా వినిపించింది. లోపలున్నది వేరు.

లోపలున్నది చిన్నతనం. వాడు విదేశం నుంచి వచ్చాడు. చేతిలో కొత్త ఫోను, కొత్త లాప్‌టాప్. నేను ఉన్నచోటే ఉన్నాను, కంప్యూటర్ కూడా అదే. వాడు ఎన్నడూ అలా అనుకోలేదు, అనుకునే మనిషి కాదు. నాకే అనిపించింది. పాత ఎమ్యులేటర్ వేస్తే, మన దగ్గర ఉన్నదానికి ఇదే తగింది అని ఒప్పుకున్నట్టవుతుంది. గొప్పదాన్ని నడిపిస్తే మా ఇంటి కంప్యూటర్ కూడా తక్కువది కాదని రుజువవుతుంది. నేను ఎంచుకున్నది ఎమ్యులేటర్‌ని కాదు, పరువుని. ఆ పరువు కోసం పదమూడేళ్ల యంత్రం నెత్తిన మోయలేని బరువు పెట్టి, మోయలేదని దాన్నే తిట్టాను.

ఆరో రోజు దసరా. సాయంత్రం తమ్ముడు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకి దండం పెట్టాడు. లేస్తూ, "ఇవాళైనా ఆడదామా అన్నా" అన్నాడు. చివరికి వాడు చెప్పిన ఈపీఎస్‌ఎక్స్‌ఈ తెచ్చాను. అప్పుడైనా దాన్ని దాని తీరున ఉండనివ్వలేదు. ప్లేస్టేషన్ బొమ్మ మామూలుగా 320 అడ్డం, 240 నిలువు చుక్కలు. పెద్ద మానిటర్ మీద గరుకుగా కనపడుతుందని దాన్ని 1280, 960కి పెంచాను. అడ్డం నాలుగింతలు, నిలువు నాలుగింతలు. గీయాల్సిన చుక్కలు 76,800 నుంచి 12,28,800కి, అంటే పదహారింతలకి ఎగబాకాయి. అంచులు నునుపు చేసే ఫిల్టర్లు కూడా పెట్టాను. సొంత మెమొరీ లేక ర్యామ్‌లోంచే అరువు తెచ్చుకునే మా బోర్డు గ్రాఫిక్స్ అక్కడే కూలబడింది. ఆ రాత్రి, మర్నాటి రాత్రి కూడా ఒక్కొక్క సెట్టింగ్ మారుస్తూ కూర్చున్నాను. అమ్మ రెండుసార్లు వచ్చి అన్నం చల్లారిపోతోందని చెప్పింది. ఏడో రాత్రి పదకొండు దాటాక వెనక్కి తిరిగి చూస్తే, తమ్ముడు చాప మీద నిద్రపోతున్నాడు. రిమోట్ వాడి చేతి పక్కనే ఉంది. దాని వైరు కంప్యూటర్ దాకా చాలక మధ్యలో ఒక పొడిగింపు వైరు కలిపాను. ఆ ముడి దగ్గర వాడే టేపు చుట్టాడు.

ఎనిమిదో రోజు చుట్టాలు. తొమ్మిదో రోజు వాణ్ణి బస్సెక్కించాను.

వాడు వెళ్లిన పది రోజుల తర్వాత ఒక ఆదివారం మళ్లీ కూర్చున్నాను. ఈసారి చూపించుకోవడానికి ఎవరూ లేరు. క్యాబినెట్ తెరిచి ఫ్యాన్ మీద దుమ్ము దులిపాను, ఎందుకంటే వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. విండోస్ పవర్ సెట్టింగ్‌ని పొదుపు నుంచి పూర్తి వేగానికి మార్చాను. ఈపీఎస్‌ఎక్స్‌ఈలో గ్రాఫిక్స్ చిప్పుని అడిగే ప్లగిన్ తీసేసి, బొమ్మలన్నీ ప్రాసెసరే గీసే సాఫ్ట్ ప్లగిన్ పెట్టాను. చుక్కలు ప్లేస్టేషన్ ఎన్ని గీస్తే అన్నే. ఫిల్టర్లు లేవు. ఆట మొదలైంది. 60. పోరులోనూ 60. గంటసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఇదంతా సర్దడానికి పట్టింది నలభై నిమిషాలు. మొదటి సాయంత్రం తమ్ముడు చెప్పిన మాట వింటే, టీ తాగేలోపు అయిపోయేది.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అచ్చంగా ఉండాలన్న పట్టుదల తప్పు కాదు. సూపర్ నింటెండో కోసం 1997లో వచ్చిన జడ్‌ఎస్‌నెస్, అప్పటి కంప్యూటర్లమీద పరుగెత్తడానికి ఎన్నో అడ్డదారులు తొక్కింది. దాని మీదే పరీక్షించి అభిమానులు వేరే భాషల్లోకి తెచ్చుకున్న కొన్ని ఆటలు, తీరా అసలు యంత్రంలో పెడితే నడవలేదు. అది చూసి 2004లో బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ మొదలుపెట్టినవారు, ఆ యంత్రాలన్నీ ఒకనాటికి పాడైపోతాయి, వాటి ప్రవర్తన ఎక్కడో ఒకచోట తూచా తప్పకుండా మిగలాలి అని పనిచేశారు. దానికి 3 గిగాహెర్ట్జ్ వేగం కావాల్సొచ్చిందని వారే 2011లో చెప్పారు. వారి లక్ష్యానికి ఆ ఖర్చు సరైనదే. వారు కూడా బలహీనమైన కంప్యూటర్ల కోసం అదే ఎమ్యులేటర్‌లో ఒక వేగవంతమైన రకం విడిగా ఇచ్చారు. నా లక్ష్యం భద్రపరచడం కాదు, తమ్ముడితో కూర్చుని ఆడటం. ఏ పనికోసం ఎంచుకుంటున్నానో నేను ఎన్నడూ ప్రశ్నించుకోలేదు.

ఇలాంటి కంప్యూటర్ ఉన్నవాళ్లెవరైనా నాలా దారి తప్పకుండా ఉండాలని నా కోరిక. ముందు మన దగ్గరేముందో ఒక కాగితం మీద రాసుకోవాలి: 32 బిట్టా, 64 బిట్టా, ఒక్క కోర్ వేగమెంత, గ్రాఫిక్స్ విడిగా ఉందా, బోర్డుదేనా. తర్వాత ఏ ఆట ఆడాలో రాసుకోవాలి. ఆ రెంటి మధ్య వంతెనే ఎమ్యులేటర్. సూపర్ నింటెండో ఆటలకైతే ఎస్‌నెస్9ఎక్స్ సరిపోతుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఎంజీబీఏ ఉంది, చిన్న కంప్యూటర్లనీ దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్లేస్టేషన్ 2 మాత్రం ఇలాంటి యంత్రం చేత మోయించాలని చూడకూడదు. ఏది పెట్టినా మొదట ఫిల్టర్లు లేకుండా, అసలు చుక్కలతో నడిపి చూడాలి. అంకె నిలకడగా ఉంటేనే ఒక్కొక్కటే కలుపుకోవాలి. ధ్వని గరగరమంటే అది మన యంత్రం పెట్టే మొర. దాన్ని వినాలి.

ఆ ఆదివారం రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆట నడుస్తోందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మొత్తం చెప్పాను. లాప్‌టాప్ వద్దన్నది అభిమానంతో కాదని, చిన్నతనంగా తోచి వద్దన్నానని చెప్పాను. "నువ్వు మొదటి రోజే చెప్పావురా. నేనే వినలేదు" అన్నాను.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడు అరవై వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోందిరా."

"ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టు."

నేను ఎడ్డీని ఎంచుకుని, ఫోన్ స్పీకర్‌కి ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో తన్నే రెండు బటన్లూ మార్చి మార్చి నొక్కాను. సంగీతం ఎక్కడా తెగలేదు. అవతల దమ్మామ్‌లో వాడు ఆ పోరు ముగిసేదాకా వింటూనే ఉన్నాడు.